పెట్టె తెరవాలా, పొయ్యి వెలిగించాలా?

పొన్నూరు సాక్షి భావనారాయణస్వామి ఊరు. మాట తప్పినవాడి ముందు దేవుడే వచ్చి సాక్ష్యం చెప్పాడని స్థలపురాణం. అలాంటి ఊళ్లో ఇద్దరి వాదానికి సాక్షిగా కూర్చోవడం వింతేమీ కాదు. ఆ వాదం పొద్దున టిఫిను గురించి కావడమే వింత. వాదించుకున్నది ఒక పెదనాన్న, ఆయన తమ్ముడి కూతురు. ఆయన వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. జీబీసీ రోడ్డుకు కాస్త లోపలగా సొంతిల్లు, ఊరి పక్కన కొద్దిగా మాగాణి. భార్య పోయాక ఒక్కరే ఉంటున్నారు. ఆ అమ్మాయి హైదరాబాదులో డైటీషియన్. ఇలాంటి ఇద్దర్ని ఎదురెదురుగా కూర్చోబెడితే పెద్దాయన చద్దన్నం వైపు, చదువుకున్న పిల్ల డబ్బా తిండి వైపు ఉంటారని ఎవరైనా అనుకుంటారు. ఇక్కడ తిరగబడింది. కార్న్ ఫ్లేక్స్ తరఫున వకాల్తా పుచ్చుకున్నది పెద్దాయనే.

అమ్మాయి: ఇదేంటి పెదనాన్నా, పొగలు కక్కే పాలు పోస్తున్నారు? చెంచా అందుకునేలోగా గంజి అయిపోతుంది.

పెదనాన్న: నాక్కావాల్సింది ఆ గంజే. పైవరస పళ్లు కట్టుడువి. కరకరలాడేవి నీకు, నానినవి నాకు. 1994లో కెలాగ్స్ కంపెనీ మన దేశానికొచ్చి చల్లటి పాలతో తినమంది. విన్నవాళ్లెవరు? దేశం దేశమంతా కాచిన పాలే పోసుకుంది.

అమ్మాయి: మెత్తబడిందని కాదు నా గొడవ. మీ మూడు నెలల షుగరు రిపోర్టు చూశాను. గీత మీద ఉన్నారు. గీత మీద ఉన్న మనిషి పొద్దున్నే ఖాళీ కడుపున తినాల్సింది ఇది కాదు.

పెదనాన్న: ఇడ్లీ తినచ్చా?

అమ్మాయి: అదేం ప్రశ్న?

పెదనాన్న: చెప్పు. వేడి వేడి ఇడ్లీ, పైన కారప్పొడి, దాని మీద నెయ్యి. తినచ్చా, కూడదా?

అమ్మాయి: లెక్కగా తినచ్చు.

పెదనాన్న: ఇదీ ఆ లెక్కనే తింటా. ఇడ్లీలో బియ్యపు రవ్వ, ఇందులో మొక్కజొన్న నూక. రెండూ తవుడు వదిలించుకు వచ్చినవే. దానికి హారతులు, దీని మీద కేసులా?

అమ్మాయి: రెండు పాళ్ల రవ్వకు ఒక పాలు మినపప్పు పడుతుంది ఇడ్లీలో. మినపప్పులో నూటికి 23 గ్రాముల దాకా మాంసకృత్తులు. పైగా రాత్రంతా పులుస్తుంది. మీ పెట్టెలో పప్పేది?

పెదనాన్న: పప్పు లేకపోతే పాలున్నాయిగా. మన వడ్లమూడి సంగం డెయిరీ పాలు. గ్లాసుడు పాలలో బలం లేదంటావా?

అమ్మాయి: ఉంది. ఆరేడు గ్రాముల మాంసకృత్తులు. కాదనను. మీ గిన్నెలో బలమైనదేదన్నా ఉంటే అది పెట్టెలోంచి వచ్చింది కాదు, పాల ప్యాకెట్లోంచి వచ్చింది.

పెదనాన్న: మాట బాగానే విసిరావు. మరి పెట్టెలోది ఎవరి పంటో ఎరుగుదువా? మీ నాన్న చిన్నప్పుడు ఇక్కడంతా వరి తర్వాత మినుమే. కోతకు కాస్త ముందు, నిలబడి ఉన్న వరిలోనే గింజలు చల్లేవాళ్లం. ఆ పదును మీదే మొలిచేది. దుక్కి లేదు, తడి లేదు. మంచు కురిస్తే చాలు, కాపు కాసేది. ఆ మినుములే తెనాలి మిల్లులకు పోయేవి. తర్వాత పల్లాకు తెగులు పట్టుకుంది. దాన్ని మించి బంగారు తీగ. పేరు బంగారం, పని మాత్రం పైరు మెడకు ఉరి. లాం పరిశోధన ఫారం వాళ్లు కొత్త విత్తనాలిచ్చినా అన్ని చేలూ నిలబడలేదు. అప్పుడు మన డెల్టా రైతులు వరి మోళ్ల మధ్య దున్నకుండానే, కర్రతో బొక్క పొడిచి మొక్కజొన్న గింజ వేయడం మొదలెట్టారు. ఆఫీసులో మేము జీరో టిల్లేజ్ అన్నాం. రైతుకు ఆ పేరుతో పనేముంది? దున్నకం కూలి మిగిలింది, రెండో పంట చేతికొచ్చింది. వాళ్లకది చాలు. ఆ కండెలు వలిచి, రోడ్డు మీద ఎండబోసి, లారీలకెత్తితే ఎటు పోయాయి? కోళ్ల దాణాకు పోయాయి, గంజిపొడి ఫ్యాక్టరీలకు పోయాయి. పండించినోడు ఒక్క గింజ నోట్లో వేసుకోలేదు. ఇన్నాళ్లకు నేను తింటంటే సంతోషపడక రిపోర్టులు తీస్తావేంది?

(మొక్కజొన్న ప్రస్తావన వస్తే ఆయన్ని ఆపడం కష్టం. ఆ పంట కోసం ఊరూరా తిరిగి రైతుల్ని కూడగట్టిన మనిషి మరి. రైతు నాయకుడు ఆచార్య రంగాగారి నిడుబ్రోలు గడ్డ మీద రైతు మీటింగులో మాట్లాడటమంటే మాటలా!)

అమ్మాయి: సంతోషపడదామంటే మీ పంటలో మంచిదంతా కోడి తింటోంది పెదనాన్నా. కోడికి గింజ గింజంతా పోతుంది. మీకు అందులో నూక మాత్రమే వస్తుంది. ఫ్యాక్టరీలో ముందు పైపొట్టు తీస్తారు. తర్వాత మొలక వచ్చే భాగం తీస్తారు. అందులో నూనె ఉంటుంది కాబట్టి నిలవ ఉంటే కనరు వాసన కొడుతుంది. మిగిలిన పెద్ద నూకను చక్కెర, ఉప్పు, మాల్టు కలిపి ఆవిరి మీద ఉడికించి, ఆరబెట్టి, ఇనప రోలర్ల మధ్య నొక్కి, పెనుమంట మీద కాలుస్తారు. నూరు గ్రాముల మొక్కజొన్న గింజల్లో పీచు 12 గ్రాములుంటే, పెట్టెలోకి వచ్చేసరికి మూడు దగ్గర ఆగుతుంది.

పెదనాన్న: అటుకులు ఎట్టా చేస్తారు?

అమ్మాయి: అడుగుతారని తెలుసు.

పెదనాన్న: వడ్లు నానబెట్టి, మూకుట్లో వేయించి, వేడి మీద దంచుతారు. నీ రోలర్లు లేనప్పుడు రోకళ్లు. కుచేలుడు మూటగట్టుకుపోయింది కూడా ఈ సరుకే. కృష్ణుడికి షుగరొచ్చిందా?

అమ్మాయి: కృష్ణుడు పిడికెడు తిన్నాడు. మీరు గిన్నె తింటున్నారు. ఇటివ్వండి ఆ గిన్నె.

ఆమె చేతిసంచిలోంచి అరచేయంత తూనిక తీసింది. ఈ వృత్తివాళ్లు తూనిక లేకుండా చుట్టాలిళ్లకు కూడా పోరు కాబోలు. ఆయన రోజూ తినే గిన్నెనే పెట్టి సున్నా చేసి, ‘మీకు అలవాటైనంత పొయ్యండి’ అంది. ఆయన పెట్టె వంచారు. గలగలమని రాలి, అంచు దాకా వచ్చి, ఒకటి రెండు బల్ల మీద పడ్డాయి. వాటినీ ఏరి గిన్నెలో వేశారు. 72 గ్రాములు. పెట్టె పక్కన సన్నటి అక్షరాల్లో ఒక మనిషి వంతు 30 గ్రాములని ఉంది. 30 గ్రాములు చేసి చూపిస్తే గిన్నె అడుగు కప్పీ కప్పనట్టుంది.

పెదనాన్న: ఇది కాకికి పెట్టినట్టుంది.

అమ్మాయి: పెట్టె మీద అంకెలన్నీ ఆ కాకి వంతుకు లెక్కేసినవే. మీ వంతులో పిండిపదార్థమే 60 గ్రాములు. గ్లూకోజును 100 అనుకుంటే నెత్తుట్లోకి చక్కెర ఎక్కించడంలో కార్న్ ఫ్లేక్స్ 80 చుట్టుపక్కల ఉంటాయి. ఆ పైన ఇదేంటి, రెండు చెంచాల పంచదార?

పెదనాన్న: పంచదార లేకపోతే చప్పిడి గదే.

అమ్మాయి: ఈ మాట మీద అమెరికాలో అన్నదమ్ములు విడిపోయారు, తెలుసా? మిషిగన్ రాష్ట్రం, బ్యాటిల్ క్రీక్ అనే ఊరు. అన్న జాన్ హార్వీ కెలాగ్ డాక్టరు, ఒక ఆరోగ్యాశ్రమం నడిపేవాడు. తమ్ముడు విల్ అందులో లెక్కాపత్రాలు చూసేవాడు. 1894లో ఉడికించిన గోధుమలు అలాగే ఉండిపోయి పాడైపోతుంటే, పారేయడమెందుకని రోలర్లలో వేస్తే రేకుల్లా వచ్చాయి. రోగులకు పెట్టారు. అన్నగారి దృష్టిలో అది పథ్యం. చప్పగా ఉండటమే దాని గుణం. తమ్ముడేమో చక్కెర పడితే గానీ జనం తినరన్నాడు. 1906లో సొంత కంపెనీ పెట్టుకున్నాడు. తర్వాత ఇద్దరూ పేరు కోసం కోర్టులకెక్కారు.

పెదనాన్న: పెట్టె మీద ఉన్నది తమ్ముడా?

అమ్మాయి: తమ్ముడే. గెలిచింది చక్కెర.

పెదనాన్న: అయితే నాలిక సంగతి తెలిసినోడు గెలిచాడన్నమాట. చూడమ్మా, పథ్యం పేరుతో పెట్టింది నెల రోజులు తింటారు, ముప్పైయొకటో రోజు పక్కింటికి పోయి పూరీ తింటారు. రుచి లేని ఆరోగ్యం అట్టాగే ఉంటుంది. నీ పేషెంట్లు ఎంతమంది నీ చీటీ ప్రకారం తింటన్నారో గుండె మీద చేయేసి చెప్పు.

ఆమె చేయి వేయలేదు. ఈ ఒక్కచోట నేను పెద్దాయన పక్షమే. చీటీలో ఏం రాశారన్నది కాదు, ఆరు నెలల తర్వాత కూడా కంచంలో ఏం ఉందన్నదే చూడాలి.

అమ్మాయి: రుచి వద్దని నేనెక్కడన్నాను? తొలి ఏకాదశికి పెద్దమ్మ చేసే పేలపిండి మర్చిపోయారా? జొన్నల మీద నీళ్లు చిలకరించి, కాస్త ఆరనిచ్చి, ఎర్రగా కాలిన మూకుట్లో గుప్పెడు గుప్పెడు పోసేది. గుడ్డచుట్టతో అటూ ఇటూ తిప్పుతుంటే చిటచిటమని మల్లెమొగ్గల్లా విచ్చుకునేవి. పేలని గింజల్ని చేటలో కొట్టి తీసేసి, పేలాలు విసిరి, బెల్లం, యాలకులు కలిపి ముద్ద చేసి కాగితంలో పెడితే ఆ కాగితం కూడా నాకేవాళ్లం. వండే పని లేని టిఫిను అంటే అది. మీ బ్యాటిల్ క్రీక్ పుట్టకముందు నుంచీ ఉంది.

పెదనాన్న: బెల్లం పంచదార కాదా?

అమ్మాయి: ...

పెదనాన్న: చెప్పు డాక్టరమ్మా. చెరుకు రసంలోంచి వచ్చిందే గదా రెండూ?

అమ్మాయి: షుగరు దగ్గర రెండూ ఒకటే. బెల్లంలో కాసింత ఇనుము గట్రా ఉంటే ఉండొచ్చు, గీత మీద ఉన్న మనిషికి దానివల్ల ఒరిగేదేం లేదు.

పెదనాన్న: ఇంకోటి. గింజ పేలడమంటే ఏంది? లోపల తేమ ఆవిరై, పిండిపదార్థం బద్దలై, బయటికి తన్నుకురావడం. బద్దలైంది తొందరగా అరుగుతుంది. తొందరగా అరిగింది తొందరగా నెత్తుట్లోకి ఎక్కుతుంది. నీ 80 లెక్క నీ పేలాలకు మాత్రం వర్తించదా?

అమ్మాయి: వర్తిస్తుంది. పొట్టుతో సహా పేలుతుంది కాబట్టి పీచు మిగులుతుంది, అంతవరకే నా పేలాలు మెరుగు. ఏడాదికోసారి పండక్కి తినాల్సిందాన్ని రోజూ తినమన్నాను. అది వెనక్కి తీసుకుంటున్నా. మీరే చెప్పారు గానీ, అసలు కిటుకు అక్కడే ఉంది. ఏ గింజ అన్నది తర్వాత. దాన్ని ఎంత మెత్తగా చేశారు, ఎంత ఉడికించి నొక్కారు అన్నది ముందు. ఓట్సు చూడండి. రేకుల్ని మామూలుగా ఉడికిస్తే ఆ లెక్కలో 55 దగ్గరుంటాయి. అవే వేడినీళ్లు పోస్తే చాలనే ఇన్‌స్టంట్ రకమైతే 79. గింజ మారలేదు, దేశం మారలేదు, చేసిన తీరు మారింది.

పెదనాన్న: మా రిటైరైన బ్యాచ్‌లో ఒకాయన మసాలా ఓట్సు తప్ప ముట్టడు. గుండెకు మంచిదంట.

అమ్మాయి: ఓట్సులో ఉండే బీటా గ్లూకాన్ అనే పీచు కొలెస్ట్రాల్ తగ్గిస్తుంది. రోజుకు మూడు గ్రాములు పడితే ఆ మాట పెట్టె మీద రాసుకోవచ్చని 1997లో అమెరికా ప్రభుత్వమే ఒప్పుకుంది. అంత రావాలంటే ఇంచుమించు 75 గ్రాముల ఓట్సు తినాలి. ఆయన తినేది 40 గ్రాముల ప్యాకెట్. అందులో మసాలా పొట్లంతో పాటు ఉప్పెంత పడుతుందో చదవమనండి.

పెదనాన్న: చదవడానికి భూతద్దం కావాలి.

అమ్మాయి: అంతా చదవక్కర్లేదు, రెండు చోట్ల చూస్తే చాలు. దినుసుల పట్టీలో ఏది బరువెక్కువైతే అది ముందు రాయాలని మన దేశంలో చట్టం. మొదటి మూడింట్లో చక్కెరో, దాని చుట్టమో ఉంటే పెట్టె కింద పెట్టేయండి. చుట్టాలంటే గ్లూకోజ్ సిరప్, మాల్టోడెక్స్‌ట్రిన్, తేనె, ఖర్జూరం పానకం. తర్వాత నూరు గ్రాములకు ఎంతన్న వరస చూడండి, వంతుకు ఎంతన్నది కాదు. ముందు వైపు బొమ్మల్లో తేనెతుట్టె ఉన్నా, బాదం పలుకులున్నా నమ్మకండి. బాదం పట్టీ చివర్న ఎక్కడో ఉంటుంది, ముందు వైపున మాత్రం పెళ్లికూతురు.

పెదనాన్న: నా పెట్టెలో రెండోది చక్కెరే. కానీ నూటికి ఎనిమిది గ్రాములు. దానికే ఇంత రభసా?

అమ్మాయి: మీ పెట్టె నయం. నా గొడవ ఆ బీరువా మీద దాచినదాంతో. మనవడొస్తాడని కొని పెట్టారే, చాక్లెట్ ఉండలు. నూటికి 30 గ్రాముల దగ్గర చక్కెర. వాడు రెండుసార్లు పోయించుకుంటే ఇరవై గ్రాములు కడుపులోకి పోతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకే రోజు మొత్తానికి 25 గ్రాముల లోపు ఉంటే మేలంది. వాడికి తొమ్మిదేళ్లు. బడికి పోకముందే వాడి రోజు అయిపోయింది.

పెదనాన్న: వాడు ఇంకేం ముట్టడమ్మా. డాలస్‌లో పుట్టాడు. వాళ్లమ్మ అక్కడ ఇడ్లీ పెడితే పక్కకు నెట్టేస్తాడంట. ఇక్కడికొచ్చి నెల రోజులు ఉండే పిల్లాడితో ఏం పేచీ పడను?

అమ్మాయి: పేచీ వద్దు. చాక్లెట్ ఉండలు సగం, మీ కార్న్ ఫ్లేక్స్ సగం కలిపి పొయ్యండి. రెండు వారాలయ్యాక పావు, ముప్పావు. పైన అరటిపండు ముక్కలు. పిల్లలకు తేడా తెలుస్తుంది గానీ, రంగు కనబడుతుంటే ఊరుకుంటారు.

పెదనాన్న: ఇదెక్కడి డైటీషియన్‌వే, కల్తీ నేర్పుతున్నావు!

అమ్మాయి: వాడి సంగతి అలా పోనివ్వండి. మీ సంగతికి రండి. పాతకాలంలో జొన్నన్నం, రాగి సంకటి తిన్నన్నాళ్లూ ఇక్కడ ఎవరికన్నా షుగరుందా? ఇప్పుడు దేశంలో 10 కోట్ల పైచిలుకు మందికి ఉందని 2023లో ఐసీఎంఆర్ సర్వే చెప్పింది. అంచు మీద ఉన్నవాళ్లు అంతకన్నా ఎక్కువ.

పెదనాన్న: పాతకాలంలో షుగరు లేదో, పరీక్ష లేదో ముందు తేల్చుకో. అదట్టా ఉంచి, పొన్నూరులో జొన్నన్నం తిన్నారని నీకెవరు చెప్పారు? అది పల్నాడు మాట, మెట్ట మాట. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయింది. కాలవలొచ్చాక ఇక్కడ అన్నమంటే వరన్నమే. మా తాత జొన్నలు ఎద్దుకు పెట్టాడు, చొప్ప గేదెకు వేశాడు. చాకిరి చేసే కూలిజనం తిన్నారు, అదీ బియ్యం కొనలేక. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చిందాకా వాళ్లకు వరన్నం పండగపూట మాటే. వాళ్లనిప్పుడు అడుగు, జొన్న సంకటి తింటారేమో. ‘మీరు తినండి బాబూ, మేం తిన్నాం చాలు’ అంటారు. పేదోడు వదిలించుకున్న తిండికి మీరు హైదరాబాదులో ప్యాకెట్ కట్టి, రేటు పెంచి, పేరు పెట్టారు. 2023ను చిరుధాన్యాల సంవత్సరమన్నారు. బాగుంది. బాపట్లలో పుట్టిన 5204, మన సాంబ మసూరి, 1986 నుంచి దేశానికి అన్నం పెడుతోంది. దానికి ఏ సంవత్సరం కట్టబెట్టారు?

ఆయన మంచినీళ్లు తాగారు. ఆమె కాసేపు మాట్లాడలేదు. నిజమే, డెల్టావాళ్ల నోట జొన్నల గొప్ప వింటుంటే నాకూ అప్పుడప్పుడు నవ్వొస్తుంది.

అమ్మాయి: సరే, తాతల మాట ఎత్తను. గింజ మాటే చెప్తాను. జొన్నల్లో నూటికి పది గ్రాముల మాంసకృత్తులు, పది గ్రాముల పీచు. రాగుల్లో కాల్షియం 360 మిల్లీగ్రాముల పైన. పాలిష్ బియ్యంలో పీచు మూడు గ్రాములకు లోపే. ఈ అంకెలు మన హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ 2017లో అచ్చేసినవి. ఎవరు తిన్నారు, ఎందుకు మానేశారు అన్నది చరిత్ర. మీ నెత్తురుకు చరిత్ర తెలీదు. ధర చూద్దామన్నా, కిలో మొక్కజొన్నకు 2025-26లో మద్దతు ధర 24 రూపాయలు. అదే నూకై, రేకై, పెట్టెలో కూర్చుంటే పదిరెట్లు దాటింది. పండించినోడు తినాలంటే పదిరెట్లు పెట్టి కొనాలా?

పెదనాన్న: జొన్నరవ్వ చవకా?

అమ్మాయి: ఆ పెట్టె ధరలో సగం కూడా కాదు. పిండిమరకు పట్టుకెళ్తే ఇంకా తక్కువ.

పెదనాన్న: మరకు ఎవరు పట్టుకెళ్తారు?

అమ్మాయి: మీరే.

పెదనాన్న: తెచ్చాక ఎవరు వండుతారు? అక్కడికొచ్చావా? ఇప్పుడు విను. మీ పెద్దమ్మ ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి రోజూ రాత్రి పప్పు నానబోసింది, రుబ్బింది. ముందు రుబ్బురోలు, తర్వాత గ్రైండరు. చలికాలం పిండి పులవకపోతే తన తప్పన్నట్టు మొహం పెట్టుకునేది. పెసరట్టుకు అల్లం తరుగు, ఉల్లితరుగు, పక్కన పచ్చడి. నేను పేపరు చదువుకుంటూ ‘అయిందా’ అనేవాణ్ణి. అది పోయాక పెరుగన్నంతో నెల గడిపా. బజారు టిఫినుతో ఇంకో నెల. ఓ రోజు కొట్లో ఈ పెట్టె కనపడింది. పాలు కాచా, పోశా, తిన్నా, గిన్నె కడిగా. ఎవర్నీ పిలవలేదు, ఎవరికోసం ఎదురుచూడలేదు. మీరంతా తిండి ఆరోగ్యం గురించి చెప్తారు గానీ, పొద్దున అయిదింటికి లేచి దాన్ని తయారుచేసే మనిషి గురించి ఒక్కరూ చెప్పరు. ఆ పెట్టె కొన్నోళ్లందరూ తెల్లోడి మోజుతో కొన్నారనుకుంటావా? ఇంట్లో ఆ మనిషి లేక, ఉన్నా ఆమెకు ఎనిమిదింటి బస్సు ఉండి, కొన్నారు.

అమ్మాయి: నేనూ కొంటాను పెదనాన్నా. నా ఫ్లాట్లో కూడా ఉంది ఒకటి. డ్యూటీ ఏడింటికైతే ఏం చేయను?

పెదనాన్న: ఏదీ, ఇంకోసారి చెప్పు.

అమ్మాయి: ఉందంటున్నాగా. కానీ మీలా గిన్నెనిండా కాదు. అందుకే అడుగుతున్నా, పొద్దున మూడు నిమిషాల పనయితే మీకు అభ్యంతరం లేదు కదా?

పెదనాన్న: మూడు నిమిషాలంటే మూడే. నీ హాస్పిటల్ గడియారం ప్రకారం కాదు, ఈ గోడ గడియారం ప్రకారం.

అమ్మాయి: రాత్రి అన్నం కుక్కరు పెడతారుగా. అది దిగాక, అరగ్లాసు జొన్నరవ్వ కడిగి, మూడు గ్లాసుల నీళ్లు, కాస్త ఉప్పేసి అదే కుక్కర్లో పెట్టండి. నాలుగు కూతలు. అలా మూతపెట్టి పడుకోండి. ఎండాకాలమైతే చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దునకి గడ్డకడుతుంది. అందులో సగం గిన్నెలోకి తీసి, చిక్కటి మజ్జిగ పోసి చేత్తో పిసకండి. మీ పళ్లకు అడ్డం రాదు. చల్లారిన పిండిపదార్థం కొంత తొందరగా అరగదు కూడా, చద్దన్నంలో ఉన్న సుగుణమే. మిగతా సగం మర్నాటికి.

పెదనాన్న: రుచి?

అమ్మాయి: ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. గుంటూరు జిల్లాలో ఉండి రుచి నన్నడుగుతారేంటి? పక్కన వేయించిన వేరుశనగపప్పు గుప్పెడు. పళ్లకు గట్టిగా ఉంటే పొడి కొట్టి చల్లుకోండి. ఇడ్లీ మీద చల్లే కారప్పొడి దీనిమీదా పనిచేస్తుంది. ఎప్పుడన్నా అంబలి మొహం మొత్తితే గుడ్డు ఉడకేసుకోండి, లేకపోతే బజారు ఇడ్లీ రెండు తినండి. రాజేంద్రనగర్ చిరుధాన్యాల సంస్థ వాళ్లు జొన్న అటుకులు కూడా తయారుచేసే పద్ధతి తేల్చారు, ఇప్పుడు కొట్లలో దొరుకుతున్నాయి. కానీ అవీ నొక్కినవే, పేరు చూసి పొంగిపోకండి.

పెదనాన్న: తీపి?

అమ్మాయి: జామకాయ తినండి.

పెదనాన్న: జామకాయ తీపా! నువ్వు చెప్పిందాంట్లో ఒక లోటుంది. పాలల్లో పోసినప్పుడు మొదటి చెంచా ఉంది చూశావా, అది ఇంకా నానదు. ఆ ఒక్క చెంచా కరకరలాడుతుంది. ఎడమవైపు రెండు సొంత దవడపళ్లు మిగిలాయి నాకు. వాటికి రోజు మొత్తంలో అదే పని. ఆ సుఖం నీ అంబలిలో ఎక్కడుంది?

అమ్మాయి: అయితే అంబలి మీద కార్న్ ఫ్లేక్స్ చల్లుకోండి. స్వగృహ కొట్లలో మిక్చర్లో వేయట్లేదూ? మజ్జిగన్నం మీద చల్ల మిరపకాయ నలుపుకున్నట్టు, నలిపి చల్లుకోండి. ఉప్పుకారంతో బాగుంటాయి. పంచదార డబ్బా మాత్రం నాతో తీసుకుపోతాను.

పెదనాన్న: అంటే పెట్టె ఇంట్లో ఉండొచ్చన్నమాట.

అమ్మాయి: ఉండొచ్చు. పూటకు పిడికెడు.

పెదనాన్న: ఎవరి పిడికెడు? నాదా, నీదా?

అమ్మాయి: నాది.

పెదనాన్న: నువ్వు హైదరాబాదులో ఉంటావు గదే.